ఐదో అంతస్తు నీడ

ఏ గోడ నీడ ఏ నెలలో ఎంత దూరం పడుతుందో లెక్క కట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం. పాతికేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. చాలా తప్పులు చేశాను. మెట్ల ఎత్తులు తప్పాను. ఒకసారి ఒక డాక్టరుగారి స్నానాలగదికి తలుపు పెట్టడమే మర్చిపోయాను. ఆ ఏడాది వేసిన నీడ లెక్క మాత్రం తప్పలేదు. అది తప్పు లెక్కే అయ్యుంటే ఇవాళ నాకింత బాధ ఉండేది కాదు.

ఆ అపార్ట్‌మెంటు పుట్టింది మా ఆఫీసులోనే, కాగితం మీద. పాత గోడౌను పడగొట్టిన స్థలంలో నాలుగంతస్తులు, అంతస్తుకి నాలుగేసి ఇళ్ళు. ఎండాకాలం మొదలయ్యేసరికి నాలుగో స్లాబు పడింది. ఆ వారమే బిల్డరు నన్ను సైటుకి రమ్మని కబురు పెట్టాడు. తనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి కూడా తమ్ముడూ అని పిలిచే మనిషి అతను.

"తమ్ముడూ, ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాను," అన్నాడు సిమెంటు బస్తా మీద కూర్చుని టీ ఊదుకుంటూ. "పునాదికి ఆ బలం ఉందని మీ ఇంజనీరే చెప్పాడు. ఎటొచ్చీ అనుమతి రావాలంటే వెనకింటివాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి."

వెనకిల్లు మా అత్తయ్యది. అంటే మా ఆవిడకి పిన్ని. తల్లి పోయాక మా ఆవిడని పెంచి పెద్ద చేసింది ఆవిడే. ఆ వీధిలో అందరూ రంగుల పిన్ని అనేవారు. తివాచీలు నేసే ఒక కార్ఖానాకి ఉన్ని నూలుకి రంగులు అద్ది ఇవ్వడం ఆవిడ పని. ఆ ఇల్లు ఎవరిదో బిల్డరుకి తెలుసు. తెలిసే నన్ను పిలిచాడు.

"ఐదో అంతస్తులో వెనకవైపు ఇల్లు నీకిస్తాను. మొదట్లో బుక్ చేసుకున్నవాళ్ళకిచ్చిన రేటుకే. ఇవాళ పెట్టింది మూడేళ్ళలో రెట్టింపవుతుంది. నీ చేత్తో గీసిన ఇంట్లో నువ్వు ఉండకపోతే ఎవరుంటారు?"

అప్పటికి పన్నెండేళ్ళుగా మేము రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. ఇంటివాళ్ళ కోడలు తెల్లారకముందే మా నెత్తిమీద కుర్చీలు జరిపేది. మా ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించి అద్దాలు బిగిస్తుంది. ఇల్లు కొనాలన్న మాట ఎత్తినప్పుడల్లా నవ్వేసి, "ముందు కొనే ముఖాలు తేవాలి అద్దెకి," అనేది. ఆ సాయంత్రం బిల్డరు మాట చెప్తే నవ్వలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "వెనకవైపంటే పిన్ని పెరడు కనిపిస్తుందన్నమాట," అంది.

మర్నాడు మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ భోజనాలకి లేచాక, ట్రేసింగ్ కాగితం పరుచుకుని అడ్డకోత గీశాను. ఇటు అపార్ట్‌మెంటు వెనక గోడ, పదడుగుల ఖాళీ, ప్రహరీ. అటు అత్తయ్య పెరడు, సుమారు నలభై అడుగులు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. అపార్ట్‌మెంటు నిలబడింది సరిగ్గా ఆ దక్షిణాన్నే. నాలుగంతస్తులకి నీడ గీస్తే పెరట్లో ముప్పావు వంతు దాకా వచ్చి ఆగింది. చివరి పదడుగుల మేర పొద్దున పది నుంచి మూడింటి దాకా ఎండ నిలుస్తుంది. నూలు ఆరేసే వెదురు గడలు అత్తయ్య నాటుకున్నది ఆ పదడుగుల్లోనే. ఐదో అంతస్తు కలిపి మళ్ళీ గీశాను. నీడ వెనక గోడ దాకా పాకింది. మిట్టమధ్యాహ్నం అరగంటసేపు, గోడ వార రెండు గడలకి మాత్రం ఎండ. మూడు నెలలు అంతే.

పెన్సిలు పక్కన పెట్టి ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ కింద మూల తేదీ వేశాను. భోజనాలకి వెళ్ళినవాళ్ళ మాటలు మెట్ల మీద వినిపించాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలోకి తోసేశాను. చింపలేదు. ఎందుకు చింపలేదో ఇప్పటికీ తెలీదు.

ఆదివారం పొద్దున ఇద్దరం అత్తయ్య ఇంటికి వెళ్ళాం. పెరట్లో పొయ్యి మీద పెద్ద కాగు మరుగుతోంది. అత్తయ్య కర్రతో చిలపల్ని, అంటే నూలు చుట్టల్ని, పైకెత్తుతూ, రంగు చూస్తూ, మళ్ళీ ముంచుతోంది. సంగతంతా మా ఆవిడే గబగబా చెప్పేసింది. అత్తయ్య కాగు మీంచి చూపు తిప్పకుండా వింది.

"ఎత్తు పెరిగితే ఎండ తగ్గదా బాబూ?" అని అడిగింది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "చెప్పండి. ఈ లెక్కలన్నీ ఆయనకి కొట్టిన పిండి పిన్నీ."

"చలికాలంలో ప్రహరీ వైపు కొంత పోతుందత్తయ్యా," అన్నాను. "మీ గడల దగ్గర ఇబ్బంది లేదు. పది దాటితే ఎండ వస్తుంది. మూడింటి దాకా ఉంటుంది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాలుగంతస్తులకి. సంతకం అడుగుతున్నది ఐదో దానికి.

"పది నుంచి మూడు," అని తనలో తాను అనుకుంది అత్తయ్య. "ఐదు గంటలుంటే నాకు చాలు."

చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అందుకుంది. చదవబోయి, "మీరు చదివారుగా," అని నా పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. బొటనవేలి ఎరుపు కాగితం అంచున అంటుకుంది.

"అయ్యో, పాడుచేశాను. పనికొస్తుందా బాబూ?"

"పనికొస్తుందత్తయ్యా," అన్నాను.

మేం గేటు దాకా వచ్చేశాక వెనకనుంచి పిలిచి, "ఇంకేం, ఇది బాల్కనీలోంచి కేకేస్తే నాకు వినిపిస్తుంది. అరవడం దానికి చిన్నప్పట్నుంచీ అలవాటేగా," అని నవ్వింది. మా ఆవిడ దారి పొడుగునా ఆ మాటే తల్చుకుని నవ్వుకుంటూ నడిచింది.

*

చలి మొదలైన కొత్తలో ఇంట్లోకి వచ్చాం. లిఫ్టు ఇంకా బిగించలేదు. గోడలు ముట్టుకుంటే వేలికి సున్నం అంటేది. అయినా బ్యాంకు కంతులు, అద్దె రెండూ కట్టే స్తోమత లేదు గనక ఆగలేదు. మొదటిరోజు మా ఆవిడ గోడకి ఏడు మేకులు కొట్టింది. తగిలించడానికి మా దగ్గర ఉన్నవి రెండే, ఒక గడియారం, ఒక అద్దం. మిగతావి ఎందుకంటే, "ఎవర్నీ అడక్కుండా కొట్టొచ్చు కదా అని," అంది.

పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్ళి, "పిన్నీ" అని కేక పెట్టేది. కింద అత్తయ్య తలెత్తి చెయ్యి ఊపేది. నేను లోపల్నుంచే వినేవాణ్ణి. బాల్కనీలోకి వెళ్ళడం అప్పటికే మానేశాను. తప్పక వెళ్ళిన రోజుల్లో నీడ అంచు ఎక్కడుందో కన్ను దానంతటదే వెతికేది. మొదట ప్రహరీ పక్కన కరివేపాకు చెట్టు నీడలోకి పోయింది. తర్వాత పొయ్యి, తర్వాత నీళ్ళ తొట్టి. మరో వారానికి మొదటి వరస గడలు. పై నుంచి చూస్తుంటే నీడ అంచున డాబా పిట్టగోడ కూడా చెక్కుచెదరకుండా కనిపించేది, మా నెత్తిమీది పిట్టగోడే. నేను డాబా ఎక్కి ఆ గోడ వార నిలబడితే నా తల నీడ కూడా వెళ్ళి ఆవిడ నూలు మీద పడేది.

ఉన్ని నెమ్మదిగా ఆరితే రంగు నిలవదు. తడి కిందికి దిగుతూ రంగుని కూడా తనతో లాక్కుపోతుంది. ఆ సంగతి నాకు ఆ చలికాలంలోనే తెలిసింది, కార్ఖానా మేనేజరు మూట వెనక్కి తెచ్చిన రోజున. ఆరోజు ఆదివారం. కొత్త ఇంట్లో చేసిన కూర గిన్నెలో పెట్టి, ఇచ్చి రమ్మని మా ఆవిడ నన్ను పంపింది.

మేనేజరు మర్యాదస్తుడు. నిలబడే మాట్లాడాడు. "ఇన్నేళ్ళలో మీ సరుకు ఒక్కసారి తిప్పి పంపలేదమ్మా. మీరే చూడండి. చిలప కింది కొస ముదురు, పై కొస లేత. నేస్తే చారలు పడుతున్నాయి. వాసన కూడా వేస్తోంది."

అత్తయ్య చిలప విప్పి వెలుతురులోకి తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "నా చెయ్యే తప్పిందయ్యా," అంది. "వయసు మీద పడింది. మళ్ళీ అద్దిస్తాను, ఇది నా నష్టమే."

అతను వెళ్ళాక నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఎండ సరిగా లేదని చెప్పాల్సిందత్తయ్యా," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో.

"చెప్తే ఏమనుకుంటాడు? మీ పిల్ల ఇల్లే కదా అంటాడు. అయినా మీరు లెక్క చూసే చెప్పారు. ఈ ఏడు మబ్బులెక్కువ. దానికి మీరేం చేస్తారు బాబూ?"

తలెత్తి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చిలపల మధ్యనుంచి చూస్తే మా అపార్ట్‌మెంటు పై అంచు మాత్రం ఎండకి మెరుస్తోంది.

ఆ వారమే మా ఆవిడ షాపునుంచి వస్తూ పిన్ని పక్కింటామెతో పోట్లాడిందన్న కబురు మోసుకొచ్చింది. "ఆవిడ అపార్ట్‌మెంటు నీడ వల్లే నూలు చెడుతోందని అందట. మా అల్లుడు కొలిచి చెప్పాడు, నీకు తెలుసా ఆయనకి తెలుసా అని దులిపేసిందట పిన్ని. మా పిన్ని ఒకరిమీద గొంతెత్తడం నేను పుట్టాక ఇదే మొదలు." ఆ చెప్పడంలో ఎంత గర్వమో. నేను అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నాను. పోస్తూనే ఉన్నాను, కంచం నిండిపోయింది.

*

డాబా మీద ఆరేద్దామన్న ఆలోచన మా ఆవిడది. "ఆ ఎండంతా నీళ్ళ ట్యాంకు మీద పడి ఊరికే పోతోంది," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు దిద్దుకోవడానికి దారి దొరికిందనుకున్నాను. తప్పు ఒప్పుకోకుండా దిద్దుకునే దారి.

రోజూ ఆఫీసుకి ముందు అత్తయ్య పెరట్లోంచి తడి నూలు బకెట్లలో పెట్టుకుని తొంభై ఆరు మెట్లు ఎక్కేవాణ్ణి. తడిసిన ఉన్ని ఎంత బరువో మోసినవాడికే తెలుస్తుంది. రెండు బకెట్లు, మూడు విడతలు. డాబా మీద తాడు కట్టి చిలపలు వేసి, కింద చుక్కలు పడకుండా పాత రేకులు పరిచేవాణ్ణి. అత్తయ్య ఆయాసపడుతూ మధ్యాహ్నం ఎక్కివచ్చి వాటిని తిరగేసేది. సాయంత్రం మళ్ళీ నేను దింపేవాణ్ణి.

మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ మెచ్చుకునేవారు. మూడో అంతస్తులో ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఉండేది. ఆవిడైతే మనవరాలికి నన్ను చూపించి, "చూడు, అత్తగారికి సేవ చేస్తున్నారు. ఇలాంటివాళ్ళు అరుదు," అంది. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ నా భుజాలకి వేడినీళ్ళ కాపడం పెట్టేది. ఆ రెండు వారాలు ఆవిడ నావైపు చూసిన చూపు పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు. ఒకరి సొమ్ము జేబులో పెట్టుకుని తిరిగినట్టు ఉండేది నాకు ఆ చూపుతో.

ఒకరోజు గాలి వేసింది. రేకులు కదిలిపోయాయి. రెండో అంతస్తులో పోస్టుమాస్టరుగారు కొత్త పరుపు బాల్కనీ గోడ మీద ఎండకి వేసుకున్నారు. దానిమీద నిలువునా ఎర్రటి చుక్కలు. ఆయన మంచాయనే. నన్నేమీ అనలేదు, మీటింగు మాత్రం పెట్టించారు.

మీటింగు కింద పార్కింగులో జరిగింది. బిల్డరు కూడా వచ్చి, "తమ్ముడూ, నీ మీద నాకు ఎంత అభిమానమో నీకు తెలుసు. డాబా అందరిదీ. బయటివాళ్ళ వ్యాపారానికి ఇచ్చామంటే రేపు ఇంకొకరు ఇంకోటి అడుగుతారు," అన్నాడు. ఇళ్ళ విలువ పడిపోతుందని ఒకాయన అన్నాడు. అందరూ తలలూపారు. డాబా మీద బయటివాళ్ళ బట్టలుగానీ సరుకుగానీ ఆరవేయరాదని రాసిన కాగితం చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. బయటివాళ్ళు అన్న మాట మీద వేలు పెట్టుకుని కాసేపు ఆగాను. నా వెనక ఇంకా నలుగురు ఉన్నారు. సంతకం పెట్టి పక్కవాళ్ళకి అందించాను.

*

ఆ శనివారం మధ్యాహ్నం అత్తయ్యకి ఆ మాట చెప్పడానికి వెళ్ళాను. పెరట్లో చలి పొద్దుటిలాగే ఉంది. గోడ వార ఒక గడ మీద ఎండ పడుతోంది. దానిమీద ఎన్ని పడితే అన్ని చిలపలు కుక్కి ఆవిడ ఒక్కొక్కటీ తిరగేస్తోంది.

"పోనివ్వండి," అంది నేను చెప్పింది విని. "మీరు మాత్రం ఎన్నాళ్ళని మోస్తారు? భుజాలు పడిపోయాయని అమ్మాయి చెప్పింది. కడుపున పుట్టినవాడైనా ఇంత చెయ్యడు బాబూ."

అక్కడినుంచి నేను మామూలుగా వచ్చేసి ఉంటే ఆ మాట నాకు జీవితాంతం మిగిలేది. రాలేకపోయాను. సంచీలోంచి ఆ ట్రేసింగ్ కాగితం తీసి, మడతలు విప్పి, నీళ్ళ తొట్టి గట్టు మీద పరిచాను. అన్ని నెలలు సంచీలో ఉండి మడతల దగ్గర చిరుగు పట్టింది.

"ఏమిటిది?"

"ఇది అపార్ట్‌మెంటు. ఇది మీ పెరడు. ఇవి గడలు," అన్నాను వేలితో చూపిస్తూ. "ఈ గీత నాలుగంతస్తులకి. ఈ గీత ఐదు వేస్తే."

అత్తయ్య దగ్గరికి వంగి చూసింది. జీవితమంతా రంగుల తేడాలు పట్టిన కళ్ళు అవి. గీతలు రెండూ చూసింది. కింద మూల తేదీ చూసింది. ఆ తేదీ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఆదివారం కదూ నేను సంతకం పెట్టింది?"

"అవునత్తయ్యా. ఇది అంతకుముందు గురువారం గీసింది."

ఆవిడ గడల వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసింది.

"ఎన్ని గడలకి ఎండ మిగుల్తుందని వేశారు?"

"రెండింటికి."

"ఒకటే మిగిలింది," అంది.

పైన నీళ్ళ ట్యాంకు తర్వాత కట్టారు, అది నా లెక్కలో లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అత్తయ్య కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి నా చేతికిచ్చింది. "అమ్మాయికి తెలుసా?"

"తెలీదు."

"తెలియనివ్వకండి. దానికి పుట్టిల్లంటే నేనొక్కదాన్నే. అత్తిల్లంటే మీరొక్కరే. దాన్ని మధ్యలో నిలబెట్టకండి." చిలప తిరగెయ్యడానికి అటు తిరిగి, ఇంకో మాట అంది. "ఇక మీరు ఇక్కడికి పనిగట్టుకుని రావద్దు అల్లుడుగారూ."

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ నన్ను బాబూ అంటోంది. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజు కూడా అల్లుడుగారూ అనలేదు.

*

కార్ఖానావాళ్ళు ఇంకో నెల చూశారు. తర్వాత నూలంతా మిషన్ల మీద అద్దే చోటికి తరలించారు. మేనేజరు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళాడట. అత్తయ్య కాగులు రెండూ పాతసామాన్లవాడికి ఇచ్చేసి, దారాల షాపులో పనికి కుదిరింది. గిరాకీలు తెచ్చిన గుడ్డ ముక్కకి సరిపోయే దారం రంగు వెతికివ్వాలి. "పిన్ని ఒక్కసారి చూస్తే చాలు, సరిగ్గా ఆ రంగే తీసిస్తుందని షాపాయన మురిసిపోతున్నాడు," అని మా ఆవిడ చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "పిన్ని మిమ్మల్ని కొత్తగా అల్లుడుగారూ అంటోందేమిటి?" అని అడిగింది.

"వయసొచ్చింది కదా, మర్యాద ఇస్తోంది," అన్నాను.

మా ఆవిడ నవ్వలేదు.

చలి తగ్గింది. నీడ వచ్చిన దారినే రోజుకింత చొప్పున వెనక్కి పోయింది. చలికాలం వెళ్ళిపోయేనాటికి పెరడంతా ఫెళ్ళున ఎండ కాసేది. గడలన్నీ ఖాళీగా ఉండేవి. మా అంతస్తులో ఎదురింటాయన తన ఇల్లు కొన్న ధరకి సగం పైన వేసి అమ్ముకున్నాడు. దారిలో కనపడ్డప్పుడు బిల్డరు, "చూశావా తమ్ముడూ, నేను చెప్పలా," అనేవాడు. అదే నోటితో, పార్కింగు చాలడం లేదని, అత్తయ్య పెరడు కొంటానని కబురంపాడు. ఆవిడ ఇంటి వరకు ఉంచుకుని పెరడు ఇవ్వడానికి ఒప్పుకుంది. కొలతలు వేసి ప్లాను గియ్యడానికి నన్నే పంపమందట.

"మీరైతేనే నమ్మకమని అంది పిన్ని," అంది మా ఆవిడ. ఆ మాట అత్తయ్యే అందో, ఈవిడే కల్పించిందో నేను అడగలేదు.

ఇద్దరం వెళ్ళాం. పొద్దున పది దాటింది. అత్తయ్య టేపు కొస పట్టుకుని వెనక గోడకి ఆనించి నిలబడింది. నేను ప్రహరీ దగ్గర వంగి చదివాను.

"నలభై అడుగుల మూడంగుళాలు."

"ఆ అంగుళాలెందుకు, నలభై వేసెయ్యమన్నాడు బిల్డరు," అంది మా ఆవిడ.

"ఉన్నది ఉన్నట్టు రాయండి అల్లుడుగారూ," అంది అత్తయ్య. "ఈసారి."

ఆ చివరి మాట కావాలని అన్నది కాదు. నోరు జారింది. అన్న మరుక్షణం ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది. మా ఆవిడ పిన్ని ముఖం చూసింది. తర్వాత నాది చూసింది.

"ఈసారి అంటావేమిటి పిన్నీ?"

"ఏం లేదే. వెడల్పు కొలవాలి. ఈ కొస నువ్వు పట్టుకో."

మా ఆవిడ వెళ్ళి పట్టుకుంది. టేపు బిగుతుగా లాగి, అంకె చదవమని నావైపు చూసింది. రోజంతా మసకచూపు వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడు, అని ఓపిగ్గా అడిగే మనిషి ఆవిడ.

"ముప్ఫై రెండు," అన్నాను.

"సరిగ్గా చూసి చెప్పండి."

మళ్ళీ వంగాను. "ముప్ఫై రెండున్నర," అన్నాను.

మిగతాది ఇంటికి వెళ్తూ మెట్ల మీద చెప్పేశాను. మొదటి అంతస్తులో బిల్డరు మాట, రెండో అంతస్తులో ట్రేసింగ్ కాగితం, మూడో అంతస్తు చేరేసరికి ఆ ఆదివారం. అత్తయ్య చెప్పొద్దన్న సంగతి కూడా చెప్పాను. మా ఆవిడ ఎక్కడా ఆగలేదు, నా వెనకే ఎక్కుతూ వింది. అంతా అయ్యాక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూశాను. మూడో అంతస్తు మలుపులో గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"మరి ఆ నూలు మోసింది?" అని అడిగింది.

నేను రెండు మెట్లు కిందికి దిగాను. ఆవిడ ఇంకో క్షణం చూసి, వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు మా ఆవిడ పిన్ని దగ్గరే ఉంది. పెరడు అప్పగించే ముందు అందులో ఉన్నవన్నీ తీసెయ్యాలి. పైనుంచి చూశాను. ఇద్దరూ కలిసి గడల్ని ఒక్కొక్కటే ఊపి ఊపి నేలలోంచి పెరికారు. ఒకటి రానంటే ఇద్దరూ దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని లాగారు. పెరికినవి గోడ వార పేర్చారు, గుంతలు మట్టితో పూడ్చి కాలితో తొక్కారు. ఆపైన ఖాళీ పెరట్లో ఎండలో చెరో స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను బాల్కనీలోనే నిలబడి ఉన్నాను. వాళ్ళిద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు.